వెండిచేపా, మిత్రోఫాన్ మాటా

నూనాక్ ఊళ్లో చేపలకు వెళ్తున్నానని ఎవరూ నోటితో అనరు. అన్నారా, ఆ మాట చేప చెవిన పడుతుంది, అది వెంటనే ఇంకో అఖాతానికి మకాం మార్చేస్తుంది. అందుకని తొడలదాకా రబ్బరు బూట్లు తొడిగి, చేతిలో గేలపుకర్ర, చంకలో ఎరల డబ్బా పెట్టుకుని పోతున్న మనిషిని ఎక్కడికని అడిగినా "ఊరికే, అలా చూసొద్దామని" అంటాడు. అడిగినవాడు కూడా "సరే, చూసిరా" అని ఊరుకుంటాడు. ఏ వైపు, ఎంత దూరం అని ఆరా తీయడం మర్యాద తెలియనివాళ్ళ పని. ఈ మర్యాదకి ఇన్నేళ్ళలో ఎన్ని చేపలు మోసపోయాయో చెప్పలేం గానీ, ఆగస్టు చివర్లో ఒకరోజు అకెలీనాకు మాత్రం ప్రాణం మీదికి వచ్చింది.

ఆ ఉదయం ఆమె ఒక్కరే కూర్చునే పసుపుపచ్చ ప్లాస్టిక్ పడవ, కయాక్‌ని గులకరాళ్ళ మీద ఈడ్చుకుంటూ నీళ్ళ దగ్గరికి తీసుకెళ్తుంటే, కొట్టు నడిపే ఫెదోష్యా కిటికీలోంచి తల బయటపెట్టింది.

"ఏంటే అకెలీనా, ఆ స్నానాలతొట్టిని ఎక్కడికి లాక్కెళ్తన్నావ్?"

"దీనికి కాస్త గాలి తగలనిద్దామని, అక్కా."

"మంచిదే. తొట్టికి గాలి, నీకు నీళ్ళు. సబ్బు పట్టుకెళ్ళావా మరి?"

"నీ కొట్లో సబ్బు రేటు చూశాక ఉప్పునీళ్ళతోనే కడుక్కుంటన్నాం మేం."

ఫెదోష్యా నవ్వి కిటికీ మూసేసింది. ఇంకేమీ అడగలేదు.

ఎలుగుబంటి వేటకని వచ్చిన ఒక దొర కిందటేడు ఆ కయాక్ తెచ్చుకున్నాడు. తిరుగు ప్రయాణంలో చిన్న విమానంవాడు దాన్ని ఎక్కించుకోనంటే ఒడ్డున వదిలేసి పోయాడు. తెడ్డు వెయ్యక్కర్లేదు, సైకిలులా కాళ్ళతో తొక్కితే అడుగున రెండు రెక్కలు కొట్టుకుని ముందుకు పోతుంది. ఈ ఊరివాళ్ళ తాతలు సీల్ చర్మం కప్పిన కయాకుల్లో తిమింగలాల వెంట పడ్డవాళ్ళు. అలాంటి పాత కయాక్ చట్రం ఒకటి ఊరి హాల్లో పైకప్పుకు వేలాడుతూ ఉంటుంది, దాని కింద కూర్చుని మనవలు బింగో ఆడతారు. ఆ మనవలకు ఇప్పుడు ఇంజను లేనిది పడవే కాదు. ఈ పసుపుదాన్ని చూస్తే చాలు, పొట్ట పట్టుకుని నవ్వుతారు.

కానీ ఆ వారం నవ్వేవాళ్ళ ఇంజన్లన్నీ పడుకునే ఉన్నాయి. పెట్రోలు తెచ్చే బార్జి ఏదో మరమ్మతుకని పెద్ద రేవు కొడియాక్‌లో ఆగిపోయింది. ఊళ్లో అందరి డబ్బాలూ ఎండిపోయాయి. అఖాతంలో చూస్తే సాల్మన్లలోకెల్లా రుచైన వెండిచేపలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఒడ్డున మగాళ్ళు కాళ్ళు కాలిన పిల్లుల్లా తిరుగుతున్నారు.

అకెలీనా బాధ మాత్రం చేప కాదు. ఆమె బాధంతా మొగుడి మాట.

మిత్రోఫాన్‌కి చలికాలంలో పక్షవాతం వచ్చింది. కాలు చాలావరకు కోలుకుంది. కుడిచెయ్యి వేలాడుతూ ఉండిపోయింది. మాటే మొరాయించింది. లోపల బుద్ధి ఎప్పటిలాగే పాదరసంలా ఉంది, మాట మాత్రం గొంతుదాకా వచ్చి అక్కడ చిక్కుపడి, ముక్కలుముక్కలుగా బయటికొస్తుంది. ఆ ఊళ్లో ప్రతి ఇంట్లో వంటగది కిటికీ పక్కన ఒక రేడియో పెట్టె రోజంతా మోగుతూనే ఉంటుంది. ఎవరింట్లో రొట్టె కాలింది, ఎవరి కుక్క ఎవరి బూటు ఎత్తుకుపోయింది, అన్నీ అందులోనే మాట్లాడుకుంటారు. అందులో అందరికన్నా పెద్ద గొంతు మిత్రోఫాన్‌దే ఉండేది. ఆ గొంతు ఆగిపోయింది. ఇంటికొచ్చిన వాళ్ళతో కూడా మాట్లాడడు. ఎవరైనా ఏదైనా అడిగితే పెదవులు కదపబోతాడు, ఈలోపే అకెలీనా అందుకుని ఆయన చెప్పదలచింది తనే చెప్పేస్తుంది. ఆయన అవస్థ కళ్ళతో చూడలేక చేసే పని అది. ఆయన నోరు మూసుకుంటాడు.

మాటలు నేర్పే టీచరమ్మ ఆంకరేజ్ పట్నం నుంచి కంప్యూటర్ తెర మీద కనిపించి ఒకటికి రెండుసార్లు చెప్పింది. "ఆయన్ని అడుగుతుంటే మీరు చెప్తారేంటమ్మా? ఆయన నలుగురిలో మాట్లాడాలి. ఆలస్యమైనకొద్దీ నోరు బిగుసుకుపోద్ది." అకెలీనా సరేనంది. మర్నాడు చర్చి ఫాదర్ వచ్చి కుశలం అడిగితే మళ్ళీ తనే జవాబు చెప్పింది.

దీనికి తోడు జులైలో ఒక సంగతి జరిగింది. మరిది జఖార్ ఎర్ర సాల్మన్లు ఒక పెట్టెలో తెచ్చి గుమ్మంలో పెట్టాడు. మంచి మనసుతోనే తెచ్చాడు. అయితే ఆ పెట్టె, ఊళ్లో ముసలివాళ్ళకీ విధవలకీ వాటా పంచే నీలంరంగు పెట్టె. ఇరవై ఏళ్ళుగా ఆ పెట్టె మోసుకుని ఇల్లిల్లూ తిరిగి పంచినవాడు మిత్రోఫానే. ఇప్పుడది తన గుమ్మంలోకి వచ్చింది. ఆయన దానివంక చూశాడు, గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ రోజునుంచి ఎవరు తెచ్చిన చేపా ముట్టలేదు. గట్టి బిస్కెట్లు టీలో ముంచుకుని తింటున్నాడు.

అకెలీనా ఆలోచించి ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చింది. ఈ ఇంటి చేత్తో పట్టిన చేప ఒకటి ఈ ఇంట్లోకి రావాలి. వస్తే మనిషి లేచి కూర్చుంటాడు, కూర్చుంటే మాట్లాడతాడు. ఇది వైద్యమో మూఢనమ్మకమో ఆమెకు తెలియదు. చేపల్ని కోయడం, పొగబెట్టడం, డబ్బాల్లో పెట్టడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. పట్టడం మాత్రం జన్మలో చెయ్యలేదు. నీళ్ళు ఆయనవి, కత్తి ఆమెది, అలా గడిచిపోయింది సంసారం.

బయల్దేరేటప్పుడు మంచంమీదున్న మొగుడితో కూడా "కయాక్‌కి గాలి తగలనిచ్చొస్తానయ్యా" అనే అంది. ఆయన తలూపాడు.

ఆమె తొక్కుకుంటూ వెళ్ళింది నల్లముక్కు దగ్గరికి. అఖాతం నోటికి దగ్గరగా, ముక్కులా ముందుకు పొడుచుకొచ్చిన నల్లరాతి కొండ అది. వెండిచేపలు ఏటిలోకి పోయేముందు అక్కడ ఆగి ఊపిరి పీల్చుకుంటాయని మిత్రోఫాన్ నమ్మకం. ఆ చోటు తమ్ముడికి కూడా చెప్పలేదు. పెళ్ళైన కొత్తలో, ఆవిరి స్నానం చేసొచ్చి మంచి హుషారులో ఉన్నప్పుడు పెళ్ళానికి మాత్రం చెప్పి, వెంటనే చెప్పినందుకు చింతించాడు.

నీళ్ళు నిశ్చలంగా ఉన్నాయి. ఆమె గేలానికి హెర్రింగ్ చేపని ఎరగా గుచ్చి వెనక్కి వదిలి, కర్రని పక్కనున్న ప్లాస్టిక్ గొట్టంలో నిలబెట్టి, మెల్లగా తొక్కుతూ పోయింది. కొంతసేపటికి నిద్రొచ్చేంత హాయిగా అనిపించింది. ఇంత సుఖమైన పనికా మగాళ్ళు సాయంత్రం ఇంటికొచ్చి నడుం నొప్పంటూ మూలుగుతారు అనుకుంది.

అప్పుడే చేప పడింది.

పడిందంటే మామూలుగా కాదు. కర్ర విల్లులా వంగింది, అది నిలబెట్టిన గొట్టం ఫెళ్ళున విరిగింది, కర్రా రీలూ గొట్టం ముక్కా అన్నీ కలిసి నీళ్ళలోకి పోయాయి. పోతుండగా అకెలీనా ముందుకు దూకి పట్టుకోబోయింది. ఆ దూకుడుకి కయాక్ ఒరిగి చల్లటి నీళ్ళు ఒడిలోకొచ్చాయి, ఛాతీకి తగిలించుకున్న చేతి రేడియో ఆ నీళ్ళలో మునిగింది. ఒక్క క్షణం నీటిపైన వెండిరంగు వీపొకటి తిరగబడింది. అంత వెడల్పు వీపు ఆమె ఇన్నేళ్ళలో కోసిన ఏ చేపకీ లేదు. తెగిన దారం పడవ అడుగున రెక్కలకు చుట్టుకుంది. ఆమె కంగారులో గట్టిగా తొక్కింది, లోపలెక్కడో పిన్ను టప్పుమంది, ఆ తర్వాత కాళ్ళు ఉత్త గాలిలో తిరిగాయి.

తెడ్డు ఉండాలి. అత్యవసరానికని రెండు ముక్కలుగా విడదీసి పెట్టుకునే తెడ్డు అది. వెతికితే ఒక ముక్కే దొరికింది. రెండోది ఒడ్డున, కయాక్‌ని తొయ్యడానికి వాడి అక్కడే మరిచిపోయింది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే అనుకుని ఆమె రేడియో తీసింది. బటన్ నొక్కి కేకేసింది. జవాబు లేదు. ఊళ్లోవాళ్ళ కబుర్లు మాత్రం చక్కగా వినిపిస్తున్నాయి. ఫెదోష్యా ఎవరికో పెరోక్ అనే చేపల రొట్టెలో అన్నం ఎంత కూరాలో చెప్తోంది. అకెలీనా మళ్ళీ మళ్ళీ నొక్కింది.

"ఎవర్రా అది, రేడియో టకటకలాడిస్తన్నారు?" అంది ఫెదోష్యా. "పిల్లలైతే చెవులు మెలేస్తాను."

అప్పుడు అర్థమైంది. మాట పోవడం లేదు, మైకులో నీళ్ళు పోయాయి. బటన్ నొక్కిన చప్పుడు మాత్రం పోతోంది. ఆమె పిచ్చిదానిలా నొక్కుతూనే ఉంది. ఈలోపు నీటి పాటు మొదలైంది. అఖాతం నీళ్ళన్నీ సముద్రంలోకి తిరిగి పోయే వేళ అది. కొండ మెల్లగా పక్కకి జరుగుతున్నట్టు కనిపించింది. జరుగుతున్నది కొండ కాదని ఆమెకు తెలుసు. అఖాతం నోటి అవతల జలసంధిలో తెల్లటి కెరటాలు లేస్తున్నాయి. 

"ఉండక్కా, ఉండు," అని జఖార్ గొంతు వచ్చింది. "ఒడ్డున పసుపు తొట్టి లేదు. వదినా, నువ్వేనా? నువ్వైతే రెండుసార్లు నొక్కు."

రెండుసార్లు నొక్కింది.

"ఎక్కడైనా ఇరుక్కున్నావా? అవునంటే రెండు, కాదంటే ఒకటి."

రెండు.

 రేడియోలో అందరూ ఒక్కసారే మాట్లాడారు. అందరి ప్రశ్నా ఒక్కటే, ఎక్కడున్నావని. అకెలీనా గాలిలోకి "నల్లముక్కు" అని అరిచింది. ఎవరికి వినపడుతుంది?

"ఏ వైపు పోయిందక్కా?" అన్నాడు జఖార్.

"నేనేం అడగలేదురా. గాలికి తిప్పుతానంది. మనం అడుగుతామా ఏంటి?"

"సరే, ఒక్కోటీ చెప్పి చూద్దాం. వదినా, నువ్వు... నాకు తెలిసిన చోటొకటి ఉంది, అక్కడున్నావా?"

"నీకు తెలిసిన చోటేంటో ఆమెకెట్టా తెలుస్తదిరా?"

"అదేనక్కా, ఆ విరిగిన చెట్టు దాటాక... అబ్బా, అందరూ వింటన్నారు."

ఇంకొకరెవరో "మా మామ చూపించిన చోటు" అన్నారు, పేరు చెప్పలేదు. ఒక మనిషి సముద్రంలోకి కొట్టుకుపోతుంటే కూడా తమ చేపల చోటు పేరు నలుగురిలో పలకడానికి ఈ జనానికి నాలుక తిరగడం లేదు. అకెలీనాకు ఒళ్ళు మండిపోయింది. ఇంటికెళ్ళగానే ఒక్కొక్కడి చోటూ పేరు పెట్టి రేడియోలో చదువుతానని ఒట్టు పెట్టుకుంది.

అప్పుడు రేడియోలో ఇంకెవరో బటన్ నొక్కారు. మాట లేదు. ఊపిరి మాత్రం వినిపించింది. అది ఎవరి ఊపిరో రోజూ పక్కలో వినే అకెలీనాకు తెలిసిపోయింది.

"న... నల్ల..." అంది ఆ గొంతు.

"ఎవరూ?" అంది ఫెదోష్యా.

"నల్ల... ము... ముక్కు."

అకెలీనా రెండుసార్లు నొక్కింది. ఆగలేక ఇంకో రెండు కూడా నొక్కింది.

"అన్నా," అన్నాడు జఖార్. "నల్లముక్కా? నీ చోటు నల్లముక్కా? ఇన్నేళ్ళు పక్కనుంచే పోతన్నాను కదరా దేవుడా." తర్వాత తేరుకుని, "వదినా, భయపడకు. పెట్రోలు ఏరుతున్నాం. నా మోటారు రంపంలోది తీశాను, నాలుగు చక్రాల బండిలోది తీస్తన్నారు. నువ్వు తెడ్డెయ్యి, నేరుగా ఒడ్డుకి కొట్టు."

"కా... దు," అన్నాడు మిత్రోఫాన్.

"అన్నా, ఒడ్డు దగ్గరే కదా అక్కడ?"

"ఒడ్డు... వద్దు. పాటు... లో... రా..."

"రామ్మని చెప్తన్నావా?"

"రా... ళ్ళు."

నిజమే. పాటు తీసినప్పుడు నల్లముక్కు ముందు రాళ్ళు పైకి తేలతాయి, కెరటం వాటిమీద పగిలి సుళ్ళు తిరుగుతుంది. అకెలీనా తల తిప్పి చూస్తే ఒడ్డుకీ తనకీ మధ్య నురగ కనిపించింది. తను అప్పటికే ఆ వైపు తెడ్డెయ్యడం మొదలుపెట్టింది. చెయ్యి ఆపేసింది.

"నా..." అన్నాడు మిత్రోఫాన్. ఆగాడు. "నా... చు..."

"నా చుట్టూ అంటన్నాడు," అని జఖార్ అందుకున్నాడు. "వదినా, కొండ చుట్టూ తిరిగి..."

"నోర్ముయ్," అన్నాడు మిత్రోఫాన్. ఆ ఒక్క మాట చిక్కుపడకుండా, చలికాలానికి ముందు ఎలా వచ్చేదో అలాగే వచ్చింది. ఊరంతా నోరు మూసుకుంది.

అకెలీనా కూడా నోరు మూసుకుంది. అప్పటిదాకా తెరిచే ఉందని అప్పుడే తెలిసింది. ఆయన 'నా' అనగానే తను 'నాచు, నాచు పట్టుకోమంటున్నాడు' అని గాలిలోకి అరుస్తూనే ఉంది. రాళ్ళు అనకముందే రాళ్ళు అని అరిచింది. మైకు బాగుంటే ఈ మాటలన్నీ తనే ఊరికి చెప్పేసేది. ఆయన బటన్ వదిలేసి మళ్ళీ గోడవైపు తిరిగేవాడు. ఇన్ని నెలలుగా తను చేసింది ఇదే. ప్రేమతోనే చేసింది, ఆయన నోరు తనే నొక్కేసింది. ఆమెకు ఏడుపొచ్చింది. కొట్టుకుపోతున్న పడవలో ఏడ్చే తీరిక లేక, చన్నీళ్ళతో మొహం కడుక్కుంది.

"నాచు... ప... పట్టుకో. క... కట్టుకో. ఆగు."

రాళ్ళకు ఇవతల నాచుతోపు ఉంది. ఉల్లిగడ్డల్లాంటి తలలు నీటిమీద తేలుతూ, కింద చేతిమణికట్టంత లావు తాళ్ళు అడుగు రాళ్ళను పట్టుకుని ఉంటాయి. అకెలీనా అర తెడ్డుతో ఒకసారి ఎడమ, ఒకసారి కుడి కొట్టుకుంటూ, భుజాలు ఊడిపోతాయన్నంతగా కొట్టుకుంటూ, తోపు అంచున ఒక తలని అందుకుంది. అది జారింది. ఇంకోటి అందుకుంది. నాలుగైదు తాళ్ళు ఒళ్ళోకి లాక్కుని, కయాక్‌కి అడ్డంగా వేసి, వాటిమీద కూర్చుంది. కొండ జరగడం ఆగింది.

"ప... ట్టుకున్నావా?"

రెండు.

రేడియోలో ఎవరో చప్పట్లు కొట్టారు. మిత్రోఫాన్ మాత్రం ఆగలేదు. పోటు తిరిగేదాకా పెళ్ళాన్ని ఒంటరిగా వదలకూడదనుకున్నాడో, ఇన్ని నెలల మూట విప్పాలనిపించిందో, మాట్లాడుతూనే ఉన్నాడు. చలిగా ఉందా అన్నాడు. కాళ్ళు కదుపుతూ ఉండమన్నాడు. కయాక్‌కి గాలి బాగా తగిలిందా అన్నాడు. ఈ ఒక్క ప్రశ్న పూర్తి కావడానికి టీ కాగేంత సమయం పట్టింది. ఊరంతా ఊపిరి బిగబట్టి విని, పూర్తయ్యాక పగలబడి నవ్వింది. ఆయనా నవ్వాడు. ఆ నవ్వు రేడియోలో గరగరమంది.

అకెలీనాకు ఎరల డబ్బా గుర్తొచ్చింది. అందులో చేతిదారం ఒకటి ఉంది, చెక్కముక్కకి చుట్టినది, చివర చెంచాలా మెరిసే ఇనపముక్కా గేలమూ. ఎలాగూ కదలడానికి లేదు, ఊరికే కూర్చునే కంటే అని దాన్ని నాచు పక్కన కిందికి వదిలింది. పైకి కిందికి ఆడించింది. మొగుడు రేడియోలో ఎప్పుడో పోయిన కుక్క కథ ఎత్తుకున్నాడు. ఆ కుక్క పేరు దగ్గర ఆయన ఆగిపోయాడు. ఎవరూ అందివ్వలేదు. నీళ్ళు నాచు ఆకుల్ని దువ్వుతున్నాయి. పేరు రావడమూ, దారం లాగడమూ ఒక్కసారే జరిగాయి.

ఈసారి గొట్టాలు, రీళ్ళు ఏమీ లేవు. దారం అరచేతిని కోసేస్తుంటే ఆమె పళ్ళు బిగించి, అంగుళం అంగుళం లాగింది. చేప నాచులోకి దూరింది. ఆమె నాచుతో సహా లాగింది. ఆఖరికి వెండిరంగు తల పైకొచ్చింది. వేళ్ళు చెవిరెక్కల్లోకి దోపి ఒళ్ళోకి లాగేసి, అర తెడ్డుతో నెత్తిమీద ఒక్కటిచ్చింది. చేప నెత్తురు, తన అరచేతి నెత్తురు కలిసిపోయాయి. పసుపు పడవ ఎర్రబడింది. ఆమె బటన్ మీద వేలు పెట్టి ఎడాపెడా నొక్కేసింది.

"ఏ... మైంది?" అన్నాడు మిత్రోఫాన్. గొంతులో భయం ఉంది. "మునిగావా?"

ఒకటి.

"చే... ప?"

ఆ మాట అలా పచ్చిగా అడగడం ఆ ఊళ్లో ఎవరూ వినలేదు. రెండుసార్లు నొక్కింది. ఇక ఎవరు ఏమంటున్నారో తెలియకుండా పోయింది. ఫెదోష్యా ఏడుస్తూ సబ్బు సంగతేదో అంటోంది.

పోటు తిరిగింది. "ఇప్పుడు," అన్నాడాయన. "కొండ... ప... పక్కనే." ఆమె నాచు వదిలింది. నీళ్ళే ఆమెను లోపలికి మోశాయి, అర తెడ్డు దారి తప్పకుండా చూసింది. సగం దూరంలో జఖార్ పడవ ఎదురొచ్చింది. రంపాల్లోనూ జనరేటర్లలోనూ పిండిన పెట్రోలు అక్కడికే సరిపోయింది. దగ్గరికొచ్చి తాడు విసిరేలోపు ఇంజను దగ్గి ఆగిపోయింది.

"నువ్వు నన్ను కాపాడ్డానికొచ్చావా మరిదీ, నేనే నిన్ను లాక్కెళ్ళాలా?" అంది అకెలీనా.

"తాడైతే కట్టుకో వదినా. ఎవరు ఎవర్ని లాగారో ఒడ్డుకెళ్ళాక తేల్చుకుందాం." అతను తెడ్లు తీసి వేయడం మొదలుపెట్టాడు. కొంచెం దూరం పోయాక, వెనక్కి తిరక్కుండా అన్నాడు, "అన్న నన్ను నోర్ముయ్ అన్నాడు, విన్నావా? ఊరంతా విన్నారు."

"విన్నాను."

"ఎంత బాగుందో," అన్నాడు జఖార్.

ఒడ్డున ఊరంతా నిలబడి ఉంది. చలికాలం నుంచీ గడప దాటని మిత్రోఫాన్, ఎడమచేతిలో రేడియో పట్టుకుని, గులకరాళ్ళ మీద నీళ్ళ అంచుదాకా వచ్చేశాడు. అకెలీనా దిగగానే ఆయన రేడియో జేబులో పెట్టి, ఆమె అరచెయ్యి తిప్పి చూశాడు.  ఆమె గబగబా చెప్పేసింది. మొదట ఒక పెద్దది పడిందయ్యా, గొట్టం విరిచేసింది, కర్ర లాక్కుపోయింది, వీపు ఒక్కటే చూశాను, అంతే.

తర్వాత చేప. ఆ చేప వాళ్ళింటికి పోయేది కాదని, ఇంట్లోకి వచ్చేది ఆ తర్వాత పట్టేదేనని అకెలీనాకు ముందే తెలుసు. మనిషి జీవితంలో పట్టిన మొదటి చేప, తల తెగకుండా, ఊళ్లో అందరికన్నా పెద్దవాళ్ళకి పోవాలి. ఎవరికైనా అంతే. ఒలియానా మామ్మ ఆ పక్కనే, నాలుగు చక్రాల బండి మీద దుప్పటి కప్పుకుని కూర్చునుంది. ఆ బండిలో పెట్రోలంతా ఇందాక తీసేశారు, కాబట్టి ఎవరో తోసుకుంటూ తెచ్చుండాలి. మిత్రోఫాన్ చేపని చెవిరెక్కల దగ్గర ఎడమచేత్తో పట్టి ఎత్తాడు. బరువుకి భుజం వంగింది. ఒక్కడే మోసుకెళ్ళి ఆమె ఒళ్ళో పెట్టాడు.

"ఎవరింటిదిరా ఇది?" అంది మామ్మ. ఇచ్చేటప్పుడు అడగాల్సిన మాట అది.

ఆయన పెదవులు కదిలాయి. అకెలీనా నాలుక చివరకి మాట వచ్చేసింది. ఆమె కింది పెదవిని పళ్ళతో గట్టిగా పట్టుకుంది. గాలి వీచింది.  ఒక సముద్రపు కాకి వచ్చి చూసి పోయింది.

"మా... ఇంటిది," అన్నాడు మిత్రోఫాన్.

"ఊఁ," అంది మామ్మ, చేప వీపు మీద వేలితో నొక్కి చూస్తూ. "రుచిగానే ఉంటదిలే. కానీ నల్లముక్కు నల్లముక్కని ఇంతకాలం దాచుకుంటే, అక్కడ దొరికేది ఈ పిల్లదా?"

జనం నవ్వారు. మిత్రోఫాన్ మొహం ఎర్రబడింది.

"పి... ల్లది కాదు. ఇంకో... టి. పో... యింది."

"పోయిన చేపలన్నీ పెద్దవేరా అబ్బాయ్. నా ఎనభై ఏళ్ళలో చిన్నచేప పోయిందని చెప్పిన మగాణ్ణి చూళ్ళేదు."

"గొట్టం... వి... రిచింది."

"ఎంతుంటది మహా అయితే?"

ఆయన చూపిద్దామని చేతులెత్తాడు. ఎడమచెయ్యి లేచింది, కుడిది లేవలేదు. ఒక్క చేత్తో ఎవడూ చేప పొడుగు చూపించలేడు. ఆయన కిందికి వేలాడుతున్న ఆ చెయ్యివంక చూసుకున్నాడు. ఒడ్డున నవ్వు ఆగిపోయింది.  ఇక చాలు, ఇంటికి తీసుకెళ్ళిపోదామని అకెలీనా ఒక అడుగు ముందుకేసింది.

ఆయన ఆమెవైపు తిరిగాడు. "ఏమే," అన్నాడు. "నీ... చెయ్యి... ప... ట్టు."

ఆమెకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. తర్వాత తన కోసుకుపోయిన అరచేతిని నిటారుగా చాపి, ఆయన ఎడమ అరచేతికి ఎదురుగా పట్టింది. రెండు చేతుల మధ్య చేప తయారైంది. తను చూసిన వీపుని తలచుకుని, నిజాయితీగా ఎంతుండాలో అంత దూరంలో పట్టింది.

మిత్రోఫాన్ ఆ దూరాన్ని పరీక్షగా చూసి, తల అడ్డంగా ఊపాడు.

"ఇంకా," అన్నాడు. "వె... న... క్కి."

అంత పొడుగు వెండిచేప ఆ అఖాతంలోకి ఎన్నడూ రాలేదని అకెలీనాకు తెలుసు. ఆమె ఇంకో రెండు అడుగులు వెనక్కి వేసింది.